పైపుల డబ్బు ఒకసారి, రోడ్డు డబ్బు ఇంకోసారి వస్తే కాలనీ వీధులు బాగుపడేదెట్లా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఫలానా కాలనీలో సీసీ రోడ్డుకు శంకుస్థాపన అని కొబ్బరికాయ కొట్టే ఫొటోలు మీ జిల్లా పేజీలో తరచూ చూస్తుంటాం. కొన్నాళ్లకు అదే రోడ్డు మీదికి జేసీబీ వచ్చినప్పుడు మాత్రం ఫొటో ఉండదు. మా వీధిలో జరిగింది ఇదే. సీసీ వేశారు, బాగుందనుకున్నాం, తర్వాత మంచినీళ్ల లైను కోసమని కట్టర్ పెట్టి మధ్యకు కోశారు, పైపు వేసి తీసిన మట్టినే మళ్లీ పైన కుప్పపోసి పోయారు, మొదటి పెద్ద వానకే అది కుంగిపోయింది, ఇప్పుడు స్కూల్ ఆటోలు వీధి మొదట్లోనే పిల్లల్ని దింపేసి వెనక్కి తిప్పుకుంటున్నాయి.

ఇందులో కాంట్రాక్టర్ కక్కుర్తి ఉంటే ఉండొచ్చు, కానీ అసలు చిక్కు డబ్బులు వచ్చే దారిలోనే ఉంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలని షరతు. 2021 అక్టోబర్‌లో మొదలైన కేంద్ర పథకం అమృత్ 2.0 డబ్బు కూడా ప్రధానంగా నీళ్లు, మురుగునీటి పనులకే. రోడ్డుకేమో మున్సిపాలిటీ సొంత ఆదాయం, లేకపోతే ఎమ్మెల్యే గారు తెచ్చే ప్రత్యేక నిధులు. రెండు జేబుల్లో డబ్బు రెండు వేర్వేరు టైముల్లో పడుతుంది, ఎన్నికల ముందు రోడ్డు డబ్బు వస్తే రోడ్డు వేసేస్తారు, ఆగితే డబ్బు మురిగిపోతుందని భయం, ఆ తర్వాత పైపుల టెండర్ ఖాయమైతే ఆ కొత్త రోడ్డే తవ్వాలి. అంటే ఒకే వీధికి మనం రెండుసార్లు కడుతున్నాం.

ఇంకో సంగతి, రోడ్డు ఎత్తు. పాత సీసీని పగలగొట్టి ఎత్తిపోయకుండా దాని మీదే ఇంకో పొర వేస్తున్నారు, పని త్వరగా అవుతుంది, ఖర్చూ తక్కువ. మా పక్క వీధిలో ఒక పాత ఇంటికి ఒకప్పుడు గేటు దగ్గర మూడు మెట్లు ఎక్కాల్సి వచ్చేది, ఇప్పుడు రోడ్డు మీంచి ఒక మెట్టు కిందికి దిగాలి. గేటు బయటికి తెరుచుకోదు, కింద రోడ్డుకు తగులుతుంది. వాన పడితే వీధి నీళ్లన్నీ ఆ ఇంటి సంపులోకే. ఆ ముసలాయన గడప ముందు సిమెంటు కట్ట కట్టుకుని, మోటారు పెట్టి తోడుకుంటున్నాడు. దీన్ని రోడ్డు పునర్నిర్మాణం అని బిల్లు రాస్తే ఒప్పుకోవాలా?

ఒక వీధిని నిజంగా కొత్తగా కట్టాలంటే ముందు మురుగు లైను, తర్వాత నీళ్ల లైను, ఖాళీ ప్లాట్లకు కూడా కనెక్షన్ పైపు ఇప్పుడే బయటికి తీసి మూత బిగించి పెట్టడం, కేబుళ్ల కోసం రోడ్డుకు అడ్డంగా అక్కడక్కడా ఖాళీ పైపులు, ఆపైన పాత లెవెల్‌కే రోడ్డు. కాంక్రీటు వేశాక కనీసం రెండు వారాలు తడిగా ఉంచాలి, మూడో రోజే బండ్లు వదలకూడదు. ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు, మన ఇంజినీర్లకు తెలియందీ కాదు. ఇళ్లవాళ్లు కాలువ మీదికి కట్టుకున్న ర్యాంపులు కూడా ఆ పనిలోనే తీసేయాలి. ఓట్లు పోతాయని ఏ కౌన్సిలరూ ఆ మాట ఎత్తడు, అది వేరే విషయం.

ఇట్లా చేస్తే ఒక్కో వీధికి ఖర్చు ఎక్కువే. కాబట్టి ఏటా కొన్ని వీధులే తీసుకోవాలి. ఏవి ముందు, ఏవి వెనక అనేది మూడు నాలుగేళ్ల జాబితాగా రాసి వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ పైపులు పాతబడ్డాయి, ఎన్ని ఇళ్లున్నాయి, వీటిని బట్టే వరుస. మా వీధి నాలుగో ఏడాదిలో ఉందని తెలిస్తే ఆగుతాం, ఏమీ చెప్పకపోతేనే అందరూ కౌన్సిలర్ ఇంటి చుట్టూ తిరుగుతారు, ఎవరి పలుకుబడి ఎక్కువైతే వాళ్ల వీధికి రోడ్డు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలిగా, ఈ జాబితా వాళ్ల ముందు పెట్టొచ్చు.

డబ్బెక్కడిది అంటారా? అదే చట్టంలో బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి అని పక్కన పెట్టారు, మంచిదే. కాలనీ వీధులకు కూడా అట్లా ఒక వాటా పక్కన పెడితే తప్పేంటి? ఇక ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం. 2020 జీవో ప్రకారం ఆ ఫీజును వేరే ఖాతాలో ఉంచి ఆయా ప్రాంతాల సౌకర్యాలకే వాడాలి. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి మరీ కట్టించుకున్నారు. ఆస్తి పన్ను పెంచినా నేను గొడవ పెట్టను గానీ ముందు ఈ డబ్బు ఎక్కడుందో చెప్పమనండి. బిల్లులు నెలల తరబడి ఆపితే టెండర్ పిలిచినా మంచి కాంట్రాక్టర్ రాడు, వచ్చినవాడు అంచనా కంటే తక్కువకు కోట్ చేసి సిమెంటులో తగ్గిస్తాడు, కాబట్టి డబ్బు చేతిలో ఉన్నన్ని వీధులకే టెండర్ పిలవాలి.

మీకొక విన్నపం. వచ్చే బడ్జెట్ సమావేశానికి మీ విలేకరి వెళ్లినప్పుడు ఎల్‌ఆర్‌ఎస్ ఖాతాలో ఎంత ఉంది, ఈ ఏడాది ఏయే వీధులకు పైపు పని, రోడ్డు పని కలిపి అంచనా వేశారు అని రెండే ప్రశ్నలు అడగమనండి. జవాబు వస్తే జవాబు వేయండి, రాకపోతే రాలేదనే వేయండి.

ఇట్లు,
ఒక కాలనీ వాసి