వీల్‌చెయిర్ ఉందంటే సరిపోదు

సంపాదకులకు,

సెలవులు దగ్గరపడితే చాలు, థీమ్ పార్కుల ప్రకటనల్లో తాతయ్యలూ అమ్మమ్మలూ మనవల పక్కన నవ్వుతూ కనిపిస్తారు. మోకాళ్లు అరిగి, పది నిమిషాలు నిలబడలేని తల్లిదండ్రులను తీసుకెళ్దామని పార్కుకు ఫోన్ చేస్తే వచ్చే జవాబు మాత్రం ఒక్కటే: "వీల్‌చెయిర్ ఉంటుందండీ, తీసుకురండి." ఆ కుర్చీ గేటు నుంచి రైడు దాకా తీసుకెళ్తుంది. అసలు కష్టం మొదలయ్యేది అక్కడే.

ప్రతి రైడు గురించీ ముందే తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. వీల్‌చెయిర్‌లో కూర్చునే ఎక్కొచ్చా, దిగి రైడు సీట్లోకి మారాలా, లేక మెట్లెక్కి నడవక తప్పదా? మెట్లుంటే ఎన్ని? సీటు నేలకు ఎంత ఎత్తులో ఉంది? ఇవి చెప్పడం బ్రహ్మవిద్యేమీ కాదు. అమెరికాలో డిస్నీ, యూనివర్సల్ పార్కులు ఏ రైడుకు ఏ పద్ధతో ముందే రాసి అందుబాటులో ఉంచుతున్నాయి. ఆ దేశంలో 2010లో వచ్చిన దివ్యాంగుల చట్టపు ప్రమాణాల ప్రకారం, వాటి పరిధిలోకి వచ్చే రైడ్ల క్యూ మొదట్లోనే ఈ వివరం చెప్పే బోర్డు ఉండాలి. గంటసేపు క్యూలో నిలబడి, చివరికి "మీరు ఎక్కలేరు" అనిపించుకోవడం కంటే ఆ బోర్డు ఎంతో మేలు.

సీటు ఎత్తు దగ్గర ఎందుకింత పట్టుదల అంటారా? ఆ ప్రమాణాలే వీల్‌చెయిర్ నుంచి మారే సీటు 35 నుంచి 61 సెంటీమీటర్ల మధ్య ఉండొచ్చంటాయి. మామూలు కుర్చీ ఎత్తు సుమారు 45. అంటే చట్టానికి సరిపోయిన సీటు కూడా మన కుర్చీ కంటే బెత్తెడుకు పైగా కిందికి ఉండొచ్చు. అంత కింద కూర్చుంటే మోకాలు తుంటి కంటే పైకి వచ్చేస్తుంది. అక్కడి నుంచి లేవాలంటే తొడ కండరాలే మొత్తం బరువును ఎత్తాలి, పెద్దవయసులో ముందు సన్నబడేవి అవే. కాబట్టి కూర్చోవడం ఎలాగో కూర్చుంటారు, చిక్కంతా లేవడంలో వస్తుంది. పడవ రైడ్లలో ఇది మరీ కష్టం. సీటు లోతుగా ఉంటుంది, అంచు తడిగా ఉంటుంది, కాలు పెట్టగానే పడవ ఊగుతుంది. వెనక జనం ఎదురుచూస్తున్నారన్న కంగారులో కొడుకో, సిబ్బందో చంకల కింద చేతులు పెట్టి పైకి లాగుతారు. అంతకంటే పొరపాటు లేదు. వయసు మీరిన భుజం కీలు ఆ లాగుడుకు తట్టుకోదు.

మార్చే పద్ధతి వేరు. వీల్‌చెయిర్‌ను సీటు పక్కగా కాస్త ఏటవాలుగా, బలమున్న కాలు సీటు వైపు ఉండేలా ఆపాలి. రెండు బ్రేకులూ వేసి, ఫుట్‌రెస్టులు పైకి మడవాలి. వాటి మీద కాలు మోపి లేవబోతే కుర్చీ ముందుకు తిరగబడుతుంది. కుర్చీలో ఉన్నవారు దాని అంచుకు జరిగి, పాదాలు వెనక్కి తెచ్చుకుని, ముక్కు పాదాల మీదికి వచ్చేంత ముందుకు వంగాలి. అప్పుడు సాయం పట్టేవాళ్లు నడుము దగ్గర పట్టుకోవాలి. వెడల్పాటి బెల్టు ఉంటే దానికే పట్టు దొరుకుతుంది. నిలబడ్డాక చిన్న చిన్న అడుగులతో తిరిగి, కాళ్ల వెనక సీటు తగిలాకే కూర్చోవాలి. ఎక్కే వేదిక కదులుతూ ఉంటే నెమ్మది చేయడమో ఆపడమో చాలా రైడ్లలో కుదురుతుంది. అడగడానికి మొహమాటపడేది మనమే. ఇంకో మాట కూడా అడగాలి: మధ్యలో రైడు ఆగిపోతే కిందికి దింపేదెలా? "నిచ్చెన మీదుగా" అంటే ఆ రైడు వదిలేయడమే.

కుర్చీ ఇస్తారు సరే, దాని స్థితి ఎవరు చూస్తారు? గేటు దగ్గరే బ్రేకు వేసి తోసి చూడండి. కదిలితే వేరేది అడగండి. రోడ్డుకు అడ్డంగా ఉండే కాలువ జాలీల సందుల్లో ముందరి చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి, కూర్చున్నవారు ముందుకు పడతారు. జాలీ సందులు పొడుగ్గా ఉన్న దిక్కున తోయకుండా, వాటికి అడ్డంగా దాటించాలి. నిటారు వాలులో కుర్చీని వెనక్కి తిప్పి దించాలి. అన్నిటికంటే తరచుగా జరిగేది మాత్రం చూడ్డానికి చిన్న విషయం. నీళ్ల సీసాలు, తిండి, గొడుగులు ఉన్న సంచీని వెనక పిడులకు తగిలిస్తారు. అమ్మ లేవగానే ముందున్న బరువు పోయి కుర్చీ వెనక్కి పల్టీ కొడుతుంది. సగం లేచి, చేతులు ఇంకా కుర్చీ మీదే ఉంటే ఆమె కూడా దాంతోపాటే వెళ్తుంది. బరువైన సంచీ సీటు కిందే పెట్టాలి.

ర్యాంపుల మాటకొస్తే, ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు ఉండాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. మూడు మెట్ల మీద నాలుగడుగుల చెక్క పరిచి దాన్ని ర్యాంపు అనేస్తే ఇద్దరు పట్టుకున్నా దించలేరు.

ఇక నడవగలిగి, నిలబడలేని వాళ్లున్నారు. వీల్‌చెయిర్ అంటే నామోషీ అనుకునేది కూడా ఎక్కువగా వీళ్లే. వీళ్లకు కావలసింది క్యూలో కూర్చునే చోటు, లేదా "ఫలానా సమయానికి రండి" అనే చీటీ. వీల్‌చెయిర్ ఉంటే క్యూ తప్పుతుందన్న భ్రమ చాలామందిలో ఉంది. డిస్నీ అమెరికా పార్కులు క్యూలో నిలబడకుండా బయటే వేచి ఉండి తమ వంతుకు వచ్చే ప్రత్యేక సౌకర్యాన్ని 2024లో ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్న వారికే పరిమితం చేశాయి. నడక సమస్య ఒక్కటే ఉన్నవారు సాధారణంగా వీల్‌చెయిర్‌తోనే క్యూలో వెళ్లాలి. బెంచీలు వేసినా, వీపు ఆనడానికీ చేతులు మోపడానికీ ఆధారం లేని రాతి దిమ్మెలు వేస్తున్నారు. ఫొటోలకు బాగుంటాయేమో గానీ, చేతులు ఆన్చుకుని లేవడానికి వాటి మీద ఏముంది?

మరుగుదొడ్డి సంగతి ఎవరూ పైకి మాట్లాడరు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. దూరం నడవాలి, సమయానికి అందదేమో అన్న భయంతో పెద్దవాళ్లు పొద్దుటి నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. వయసుతో దాహం తెలియడమూ తగ్గుతుంది. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వేసుకుంటూ ఉంటే ఒంట్లో నీరు ఇంకా తగ్గిపోతుంది. మధ్యాహ్నం ఎండలో కుర్చీలోంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోవడానికి ఇదే దారి. పిండివంటలు మరిచిపోయినా ఫరవాలేదు, మరుగుదొడ్లు ఎక్కడున్నాయో పటంలో ముందే గుర్తుపెట్టుకోవాలి. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో మాత్రం డాక్టరునే అడగాలి, సొంతంగా మానేయకూడదు. పార్కు వైపు నుంచి కావలసింది గది లోపల కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటరు ఖాళీ, కమోడు పక్కన కదలని పట్టుకమ్మీ, బయటికి తెరుచుకునే తలుపు. ఆడ, మగ అని విడదీయని గది కనీసం ఒకటి ఉండాలి. లేకపోతే తల్లికి సాయం పట్టే కొడుకు, తండ్రికి సాయం పట్టే కూతురు గుమ్మం బయటే నిలబడిపోతారు. ఉన్న ఒక్క గదిలోనూ బకెట్లు, చీపుళ్లు పెట్టి తాళం వేయడం మానాలి.

గుండె ఆపరేషన్ కొత్తగా అయినవారు, ఎముకలు గుల్లబారినవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు కుదుపులున్న రైడ్లకు దూరంగా ఉండాలి. తెర ముందు సీటు ఊగే రకం రైడ్లు మెల్లగా కనిపించినా తల తిప్పేస్తాయి. గేటు తెరిచే వేళకే వెళ్లి, ఎండ ముదరకముందే గదికి వచ్చి, సాయంత్రం మళ్లీ వెళ్లడం మంచి పద్ధతి. కాబట్టి బస పార్కుకు దగ్గరలో ఉండాలి.

పార్కుల యాజమాన్యాలకు నా విన్నపం ఒకటే. రైడు వారీగా మెట్ల సంఖ్య, సీటు ఎత్తు, మారే పద్ధతి, మరుగుదొడ్ల వివరాలు టికెట్ కొనే పేజీలోనే, డబ్బు కట్టకముందే కనిపించేలా పెట్టండి. కొన్న టికెట్లు ఎలాగూ వెనక్కి తీసుకోరు కదా.

ఇట్లు,
వృద్ధుల ఫిజియోథెరపీ రంగంలో ఉన్న ఒక పాఠకురాలు