చిప్ప కిందనా, చిప్ప పైనా: కాలి రాడ్ ఆపరేషన్లపై ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ప్రభుత్వ ఆస్పత్రిలో ఎముకల వైద్యుడిని. మోకాలి కింది పెద్ద ఎముక, అంటే టిబియా, విరిగి బైకు ప్రమాద బాధితులు రాని వారం మా వార్డులో ఉండదు. ఆ ఎముక మూలుగ కాలువలోకి రాడ్ దించే దారి గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను.

మేము ఏళ్లుగా చేస్తున్న పద్ధతిలో మోకాలిని బాగా మడిచి, చిప్ప కింద కోత పెట్టి, అక్కడి టెండాన్‌ను, అంటే చిప్పను కింది ఎముకకు కలిపే గట్టి పట్టీని, చీల్చి గానీ పక్కకు జరిపి గానీ ఎముక పైకొసకు చేరుకుంటాం. రెండో పద్ధతిలో మోకాలిని 15 నుంచి 20 డిగ్రీల వరకే వంచి, చిప్పకు పైన కోత పెట్టి, చిప్పకూ తొడ ఎముకకూ మధ్యగా రక్షణ గొట్టం దించి, అందులోంచి రాడ్ పంపుతారు. కాలును దాదాపు చాచి ఉంచి రాడ్ వేయవచ్చని టోర్నెట్టా, కోలిన్స్ అనే వైద్యులు 1996లో చూపించాక ఈ ఆలోచన బలపడింది.

ఎముక పైభాగంలో విరిగినప్పుడు ఈ తేడా కళ్లకు కడుతుంది. మోకాలు మడవగానే తొడ ముందు కండరం పై ముక్కను ముందుకు లాగుతుంది. ఆపరేషన్ చేస్తుండగానే ఎక్స్‌రే చూపే సి-ఆర్మ్ యంత్రం తెర మీద అప్పటిదాకా కుదురుగా కనిపించిన ఎముక, రాడ్ దిగేసరికి ముందుకు విల్లులా వంగుతుంది. కాలు చాచి ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది, ఎక్స్‌రే తీయడమూ సులువవుతుంది.

ఎముక అతకడంలో, చీము పట్టడంలో రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మోకాలి ముందు నొప్పి మాత్రం చిప్ప పైనుంచి వెళ్లే దారిలో కొంత తక్కువని చాలా సమీక్షలు చెబుతున్నాయి. అయితే పై దారి కీలు లోపలి నుంచి వెళుతుంది కాబట్టి గొట్టం సరిగ్గా కూర్చోకపోతే మృదులాస్థి, అంటే కీలులో ఎముకల మీదుండే నున్నటి పొర, గీసుకుపోతుంది. మోకాలు బిగుసుకుపోయిన వారికి అది పనికిరాదు. రేపు రాడ్ తీయాలంటే సాధారణంగా చిప్ప కింద మరో కోత పెట్టాల్సి వస్తుంది. అందుకే పాత పద్ధతిని మానేయమని నేను అడగడం లేదు.

నాట్లు వేసే ఒక తల్లికి నేను పాత దారిలోనే రాడ్ వేశాను. ఎముక చక్కగా అతికింది. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి బాగుందమ్మా అన్నాను. ఆమె చిప్ప కింద మచ్చ మీద వేలు పెట్టి, "మోకాలు కింద ఆనిస్తే ఈడ సూదులు గుచ్చినట్టైతున్నది సారూ" అన్నది. నేల మీద కూర్చుని తినే, బురదలో వంగి పని చేసే మన మనుషులకు ఆ నొప్పి కూలి పోవడంతో సమానం. పై దారిలో వేసి ఉంటే ఆ నొప్పి వచ్చేది కాదని నేను ప్రమాణం చేయలేను. కానీ ఆ రోజు నాకు ఎంచుకునే అవకాశమే లేదు; మా థియేటర్‌లో ఆ గొట్టం, దానికి సరిపడే పొడవైన పనిముట్లు లేవు.

కాబట్టి జిల్లా ఆస్పత్రులన్నింటికీ ఈ పనిముట్ల సెట్లు కొనివ్వండి. వాటితోపాటే బోధనాసుపత్రుల్లో మాకు శిక్షణ ఏర్పాటు చేయండి. శిక్షణ లేని చేతిలో ఆ గొట్టం ప్రమాదకరం. ఆరోగ్యశ్రీ కింద రాడ్ వేయించుకున్న ప్రతి రోగినీ ఏడాది తర్వాత పిలిపించి, ఎక్స్‌రేతో పాటు, కింద కూర్చోగలుగుతున్నారా, మోకాలు నేలకు ఆనించగలుగుతున్నారా అని అడిగి నమోదు చేయించండి. ఏ దారిలో రాడ్ వేశారో కేస్ షీట్‌లో తప్పక రాయమని ఆదేశిస్తే ఆ పని రేపే మొదలుపెట్టవచ్చు.

భవదీయుడు,
ఒక ప్రభుత్వ ఎముకల వైద్యుడు