గండిపేట దారిలో సైకిల్‌కు కాస్త చోటివ్వండి

సంపాదకుడు గారికి,

ఆదివారం తెల్లవారకముందే లంగర్‌హౌజ్‌లో బయలుదేరి గండిపేట, చిలుకూరు, మొయినాబాద్ మీదుగా హిమాయత్‌సాగర్ చూసుకుని ఇంటికి రావడం మాకు ఆరేళ్ల అలవాటు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గాలి పీల్చుకుంటూ తొక్కుతుంటే వారమంతా పడ్డ టెన్షన్ తీరిపోతుంది.

కానీ రోడ్డు అంచులు చూడండి! తారు ఒక్కసారిగా తెగిపోయి, పక్కన జానెడు లోతు గుంత. పోయిన నెల వెనక నుంచి టిప్పర్ హారన్ కొడుతూ ఆనుకుని రావడంతో మా మిత్రుడు అందులోకి దిగి పడ్డాడు. చేతి ఎముక విరిగింది.

ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ వేశారు. నిజంగా మంచి పని. అయితే చెరువుల చుట్టూ ఉన్న ఊళ్ల రోడ్లకు అది అందదు. బడికి సైకిల్ మీద వెళ్లే పిల్లలూ, పాలు తెచ్చేవాళ్లూ ఈ రోడ్ల మీదే తిరుగుతారు.

కొత్త ట్రాక్ అడగడం లేదు. అంచుల్లో మట్టి నింపి గట్టిపరచండి, సైకిళ్లకు తెల్ల గీత వేయండి, ఆదివారం ఉదయం ఎనిమిది దాకా టిప్పర్లను ఆపండి. వానలు మొదలయ్యేలోపు కనీసం ఆ గుంతలైనా పూడ్చాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సైకిలిస్టు, లంగర్‌హౌజ్, హైదరాబాద్