ఎక్కే చోటే టికెట్ కొడితే జరిమానాకు అర్థముంటుంది

సంపాదకులకు నమస్కారం.

సిటీ బస్సుల్లో టికెట్ లేకుండా తిరిగేవాళ్లకు జరిమానా రూ.2,000 చేయాలని మీ పత్రికలో ఓ పాఠకుడు రాశారు. ఆయన కోపం అర్థమైంది. హైదరాబాద్‌లో కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, టికెట్ ఎగ్గొట్టేవాళ్ల మీద నాకూ జాలి లేదు. కానీ ఇప్పుడున్న రూ.500 జరిమానా ఎవరి దగ్గర, ఏ పరిస్థితిలో వసూలు చేయాలో తేలకుండా దాన్ని ఎంతకు పెంచినా బోర్డు మీద అంకె మారడమే తప్ప ఒరిగేదేమీ లేదు.

ఆ 500 అనేది 1988 మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్‌లో ఉంది. అంతకు మించకుండా జరిమానా వేయొచ్చని దాని భావం. అదే సెక్షన్‌లో, కావాలని టికెట్ ఇవ్వని కండక్టర్‌కు కూడా అంతే జరిమానా రాసి ఉంది. ఇది చాలామందికి తెలియదు. ఇక 124వ సెక్షన్ ఏమంటుందంటే, బస్సులోనే టికెట్లు ఇచ్చే ఏర్పాటు ఉంటే, ఎక్కాక వీలైనంత త్వరగా డబ్బులిచ్చి టికెట్ తీసుకోవాలి. మరి కాలు కింద పెట్టే చోటు లేని బస్సులో ఎంత త్వరగా వీలవుతుంది?

పొద్దున ఎనిమిదిన్నరకు ఎల్బీనగర్ నుంచి కోఠి వెళ్లే ఆర్డినరీ బస్సు ఎక్కి చూడండి. కొత్తపేటకే లోపల కిక్కిరిసిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో జనం రెండు డోర్ల నుంచీ తోసుకుంటూ ఎక్కుతారు. కండక్టర్ మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉంటాడు. ఇరవై రూపాయల నోటు నాలుగు చేతులు మారి అతని దాకా వస్తుంది. 'మలక్‌పేట ఒకటి' అని బయల్దేరిన మాట అతని చెవిలో పడేసరికి 'చాదర్‌ఘాట్' అయి ఉంటుంది. మిషన్‌లో టికెట్ కొట్టడానికి క్షణం చాలు, మనిషి దగ్గరికి చేరడానికే రెండు స్టాపులు పడుతుంది. స్టేజీ, అంటే ఛార్జీ మారే స్టాపు, దాటేలోపు టికెట్లు పూర్తి కావాలని మాకు నేర్పారు. ఆ నేర్పినవాళ్లు ఈ రద్దీలో ఒక్క ట్రిప్పు కొట్టి చూపిస్తే బాగుండు!

2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక పని ఇంకా పెరిగింది. నేను అప్పటికే రిటైరయ్యాను, ఇప్పుడు ప్రయాణికుడిగా చూస్తున్నాను. ఫోన్ కవర్ వెనక నుంచి ఆధార్ తీయాలి, తెలంగాణ అడ్రస్ ఉందో లేదో కండక్టర్ చూడాలి, అప్పుడు జీరో టికెట్, అంటే డబ్బు తీసుకోని టికెట్, కొట్టాలి. 'ఫ్రీయే కదన్నా, టికెట్ ఎందుకు?' అని అడిగే అక్కలు ఇప్పటికీ ఉన్నారు. ఆ జీరో టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీ సంస్థకు డబ్బు కట్టాలి. కాబట్టి అది తీసుకోకపోవడం కూడా సంస్థకు నష్టమే. తీసుకున్నవాళ్లు దాన్ని గాజుల్లో దూర్చుకుంటారు, చెమటకు తడిసి నలిగిపోయి చెకింగ్ వాళ్లు అడిగేసరికి దాని మీద అక్షరాలు కనపడవు.

ఇక బాధ్యత ఎవరిది? 2019 ఆర్టీసీ సమ్మె ముగిశాక డిసెంబర్ 1న కార్మికులను పిలిచి మాట్లాడిన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ప్రయాణికుడు టికెట్ తీసుకోకపోతే కండక్టర్‌ను శిక్షించొద్దని, జరిమానా ఆ ప్రయాణికుడికే వేయాలని అన్నారు. ఆ మాట విని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. నాలుగేళ్లు గడిచాయి. జీరో టికెట్ లేకుండా దొరికితే సిబ్బంది ఉద్యోగం ప్రమాదంలో పడుతుందని, ప్రయాణికురాలికి రూ.500 జరిమానా పడొచ్చని 2024 మొదట్లో అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ హెచ్చరించారు. ఆవిడకు పోయేది ఐదు వందలు, కండక్టర్‌కు పోయేది అన్నం పెట్టే నౌకరీ. ఇదెక్కడి తూకం?

నిజంగా ఎగ్గొట్టేవాణ్ణి మేం ఫుట్‌బోర్డు మీద చూడగానే పోల్చుకుంటాం. జేబు మీద చెయ్యి వేసి 'పాస్' అంటాడు, బయటికి తీయడు. గట్టిగా అడిగితే పోయిన నెలది చూపిస్తాడు. మలక్‌పేటకు టికెట్ తీసుకుని కోఠి దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు ఇంకో రకం. ముందు స్టాపులో చెకింగ్ వాళ్లు నిలబడ్డారని కనపడితే సిగ్నల్ దగ్గరే దూకేస్తారు. వీళ్లు దొరకరు. దొరికేది ముందు సీట్ల దగ్గర రాడ్ పట్టుకుని, ఇంకో చేతిలో డబ్బులు పట్టుకుని కండక్టర్ కోసం చూస్తున్న మనిషి.

ఇదే ఊళ్లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లలో టికెట్ లేకుండా పట్టుబడితే ఛార్జీ కాక కనీసం రూ.250 కట్టాలి. అక్కడ పెద్దగా పేచీ ఉండదు, ఎందుకంటే రైలెక్కకముందే స్టేషన్‌లో టికెట్ దొరుకుతుంది. మెట్రోలో అయితే టికెట్ లేనిదే గేటే తెరుచుకోదు. బస్సులోనే ఎక్కాక వెతుక్కోవాలి.

కాబట్టి నా మాట ఒక్కటే. జిల్లాల బస్టాండ్లలో మాకు అలవాటైన గ్రౌండ్ బుకింగ్‌ను, అంటే బస్సెక్కకముందే కింద టికెట్ ఇవ్వడాన్ని, పొద్దున, సాయంత్రం రద్దీ వేళల్లో ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, కోఠి, మెహిదీపట్నం లాంటి స్టాపుల్లో పెట్టాలి. ఎక్కేముందే కింద టికెట్ కొట్టాలి, జీరో టికెట్ కూడా. ఆ తర్వాతి స్టేజీలో చెకింగ్ చేసి, టికెట్ లేనివాళ్ల దగ్గర ఆడా మగా చూడకుండా మొత్తం 500 వసూలు చేయాలి. గ్రౌండ్ బుకింగ్ లేని స్టాపులో ఎక్కి, డబ్బు చేతిలో పట్టుకుని ఉన్నవాళ్లకు మాత్రం టికెట్ ఇప్పించి వదిలేయాలి. చట్టం 500 దాకా అంది కానీ ప్రతిసారీ 500 వేయమని అనలేదు కదా.

మనుషులు ఎక్కడున్నారని అధికారులు అడగొచ్చు. మోకాళ్లు అరిగి, నడుం పట్టేసి బస్సులో నిలబడలేని కండక్టర్లకు తలా ఒక మిషన్ ఇచ్చి స్టాపులో కూర్చోబెట్టండి. ఒక స్టూలు, ఎండకు ఒక గొడుగు కూడా ఇస్తే సంతోషంగా చేస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
సరూర్‌నగర్, హైదరాబాద్