ఫారంలో ఖాళీగా వదిలేసిన గడి

సంపాదకుడు గారికి,

స్వలింగ జంటల పెళ్లి మాట ఎత్తితే చాలు, మన వాదనలు సంస్కృతి దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. చాలా ఏళ్లు ఒక ఆఫీసులో పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) కాగితాలు చూసిన నాకు మాత్రం ఇది, మనిషి పోతే ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలో రాసే నామినేషన్ ఫారం దగ్గర అర్థమైంది. పీఎఫ్ స్కీములో ‘కుటుంబం’ అంటే ఎవరెవరో రాసి ఉంటుంది: భార్య లేదా భర్త, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు వగైరా. కుటుంబం ఉన్న సభ్యుడు బయటివాళ్ల పేరు రాస్తే చెల్లదు. ఒకతను తనతో ఏళ్ల తరబడి కలిసి ఉంటున్న మనిషి పేరు రాసి, ‘సంబంధం’ అన్న గడి ఖాళీగా వదిలేసి తెచ్చాడు. తల్లి అతని మీదే ఆధారపడి ఉంది. ఫారం తిప్పి పంపాను. రూలు ప్రకారం తప్పు చేయలేదు కానీ, ఆ గడి మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది.

పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ధర్మాసనంలోని అయిదుగురు న్యాయమూర్తులూ తేల్చారు. పెళ్లి కాకపోయినా ఆ బంధాన్ని చట్టం గుర్తించాలన్నది వాళ్లలో చంద్రచూడ్, కౌల్ ఇద్దరే. తీర్పును మళ్లీ పరిశీలించమన్న రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో వీగిపోయాయి. చట్టం చేయాల్సింది పార్లమెంటే అన్న కోర్టు మాటతో నాకు పేచీ లేదు. చేయకుండా కూర్చోవడంతోనే పేచీ.

ఎందుకంటే వివక్ష కూడదనే రాజ్యాంగం 15వ అధికరణంలోని ‘లింగం’ అన్న మాటలో లైంగిక ధోరణి కూడా ఉందని ఇదే కోర్టు 2018లో, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ కేసులో చెప్పింది. మరి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం సంగతేమిటి? కులమతాలు అడ్డు రాకుండా ఇద్దరు పెళ్లి చేసుకునేందుకు తెచ్చిన ఆ చట్టం, నాలుగో సెక్షన్లో మగవాడికి 21, ఆడపిల్లకు 18 అని వయసు చెబుతూనే స్వలింగ జంటను గడప దగ్గరే ఆపేసింది. ఆ మాటలు మారిస్తే వారసత్వం, మనోవర్తి దాకా అన్నీ తిరగరాయాలంటారు. నిజమే, చాకిరీ ఎక్కువే. కానీ పని ఎక్కువైతే సమానత్వం వర్తించదని 14వ అధికరణంలో ఎక్కడా లేదే!

అసలు విశేషం, పెళ్లి హక్కు కాదన్న మెజారిటీ తీర్పే పీఎఫ్, పెన్షన్ లాంటివి ఈ జంటలకు అందకపోవడం వివక్షేనని ఒప్పుకుంది. అందుకే కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేయాల్సి వచ్చింది. 2024లో కేంద్రం వాళ్లు ఈ జంటలు బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదన్నారు, రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా చూడమన్నారు. మంచిదే. అయితే బ్యాంకు నామినీ డబ్బు తీసుకోగలడు గానీ వారసుడు కాలేడు. వీలునామా లేకుండా మనిషి పోతే ఆ సొమ్ము చట్టం చెప్పిన బంధువులకే పోతుంది.

పెళ్లి చట్టం మార్చడానికి ఎన్నేళ్లు పడుతుందో గానీ, పీఎఫ్ స్కీములో కుటుంబం నిర్వచనం మార్చడానికి కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇస్తే సరిపోతుంది. సభ్యుడు తన తోడు అని రాసిచ్చిన ఒక్క మనిషికి అందులో చోటు ఇవ్వండి. ముందు ఆ పని చేయమని కేంద్ర కార్మిక శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి