కౌన్సెలర్‌కి తెలుగు కూడా రావాలి

సంపాదకులకు నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఈమధ్య తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి వారం రోజులు సరిగా అన్నం తినలేదు, కడుపునొప్పి అంటే వాము నీళ్లు తాగించాను, తీరా చూస్తే ఒడియా మాట తప్పు పలికిందని క్లాసంతా నవ్వారట, అదీ వాళ్ల అమ్మమ్మ తలకు నూనె రాస్తుంటే బయటపడింది. బడికి వెళ్లి అడిగితే ఇంత చిన్నదానికి టెన్షన్ ఎందుకమ్మా అన్నారు. చిన్నదా? 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. వంద మంది, అంతకు మించి పిల్లలున్న విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది, విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో.

మా వైపు బడుల్లో కౌన్సెలర్లని వేసేటప్పుడు తెలుగు, ఇక్కడి గిరిజనుల సవర భాష కూడా వచ్చినవాళ్లని చూసి వెయ్యండి, మనసులో బాధని వేరే భాషలోకి మార్చి చెప్పుకోవడం పెద్దవాళ్లకే కష్టం. ఈలోగా మానసిక బాధలకు సాయం చేసే టెలీమానస్ 14416, పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ 1098 నంబర్లు గేటు పక్క గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి, 14416కి తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఫీజు గడువు తేదీకి మాత్రం ఆ గోడ మీద ఎప్పుడూ చోటుంటుంది మరి.

– ఒక తల్లి, పర్లాకిమిడి, గజపతి జిల్లా