కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: పిల్లల ఆరోగ్యం మీద చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, పార్కులో దీపాలు, వినాయక చవితి ఖర్చులు సర్వసభ్య సమావేశంలో మాట్లాడుకున్నాం. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఈసారి ఎక్కువ చోటు పిల్లల ఆరోగ్య శిబిరానికే ఇస్తున్నాం.

చలికాలంలో మన కాలనీలో మూడేళ్ల బాబుకి జలుబు, జ్వరం వచ్చాయి. ఆ తర్వాత మెడ ఒక పక్కకి వాల్చేసి తిప్పడం మానేశాడు. నిద్రలో మెడ పట్టేసిందని ఒకరు, గవద బిళ్లలని ఇంకొకరు అన్నారు. అన్నం ముట్టక, ఉమ్మి కూడా మింగలేక చొంగ కారుస్తుంటే వాళ్ల అమ్మమ్మ గారు పట్టుబట్టి ఆస్పత్రికి తీసుకెళ్లారు. గొంతు వెనక చీము చేరిందని స్కానింగ్‌లో తేలింది. ఇప్పుడు బాబు బాగున్నాడు. తల్లిదండ్రులు సరేనన్నాకే ఇది రాస్తున్నాం.

దాంతో శిబిరానికి ఈఎన్‌టీ డాక్టరు గారిని పిలిచాం. రాలేకపోయిన వాళ్ల కోసం ఆయన చెప్పింది ఇక్కడ రాస్తున్నాం. చిన్నపిల్లలకి గొంతు వెనక, వెన్నుపూసల ముందు లింఫ్ గ్రంథులు ఉంటాయి. ముక్కు, గొంతు, చెవుల్లోని ఇన్‌ఫెక్షన్ అక్కడికి చేరి చీము పట్టొచ్చు. ఐదారేళ్లకి ఆ గ్రంథులు చాలావరకు కుంచించుకుపోతాయి కాబట్టి ఈ జబ్బు అంతకన్నా చిన్నవాళ్లలోనే ఎక్కువ. నోట్లో పుల్లో బ్రష్షో పెట్టుకుని పరిగెత్తి పడినా, గుచ్చుకున్నచోట ఇలాగే కావచ్చు.

జ్వరంతో ఉన్న బిడ్డ తల పైకెత్తి చూడలేకపోతే ఆలస్యం చేయొద్దు. మెనింజైటిస్‌లో, అంటే మెదడు పొరలకి వాపు వచ్చే జబ్బులో, మెడ ముందుకి వంచడం కష్టమవుతుంది, గొంతు వెనక చీము చేరితే ఎక్కువగా వెనక్కి వంచడం కష్టమవుతుంది. రెండూ ప్రమాదమే, ఏదన్నది ఇంట్లో తేల్చుకునే పని పెట్టుకోకండి. నోరు తెరిచి చూసినా వాపు కనపడకపోవచ్చు. అందుకే మెడకి పక్క నుంచి ఎక్స్‌రే తీస్తారు. రెండో మెడపూస ముందున్న కండ మందం 7 మిల్లీమీటర్లు దాటితే అనుమానిస్తారు. బిడ్డ ఏడుస్తున్నప్పుడో, మెడ వంచినప్పుడో తీస్తే లేని వాపు ఉన్నట్టు పడుతుంది. మళ్లీ తీస్తామంటే విసుక్కోకండి. అనుమానం తీరకపోతే రక్తనాళంలోకి మందు ఎక్కించి సీటీ స్కాన్ చేస్తారు. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, చాలామందికి నరానికి ఇచ్చే యాంటీబయాటిక్స్‌తోనే తగ్గుతుంది.

కొండనాలుక జారిందని వేలు పెట్టి నొక్కించే అలవాటు గురించి ఒక సభ్యురాలు అడిగారు. చాలా మంచి ప్రశ్న. అలా నొక్కితే చీముగడ్డ పగిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. పెద్దవాళ్ల మీద గౌరవంతోనే అడుగుతున్నాం, దయచేసి ఈ పని మానేయండి. ఊపిరి తీసేటప్పుడు శబ్దం వస్తుంటే బిడ్డని బలవంతంగా పడుకోబెట్టకుండా, తనకి వీలైనట్టు కూర్చోనిచ్చి వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ గుర్తులన్నీ పెద్ద అక్షరాలతో రాసి నోటీసు బోర్డు మీద, అంగన్‌వాడీలో పెట్టించాం. పిల్లల డాక్టరు, ఈఎన్‌టీ, సీటీ స్కాన్ మూడూ రాత్రిళ్లు కూడా దొరికే ఆస్పత్రుల జాబితా వచ్చే ఏడాది తయారు చేస్తాం. రాత్రిపూట అవసరమైతే కారు తీయగల సభ్యులు తమ పేర్లు కార్యదర్శికి ఇవ్వగలరు.